శస్త్రవైద్యులు లెక్క చెప్పుకునే సదస్సు

పెద్దపేగు, మలాశయం, మలద్వారాలకు వచ్చే జబ్బులకు ఆపరేషన్లు చేసే వైద్యులు ఏటా ఒకచోట చేరి, తమ చికిత్సల ఫలితాలను తోటివారి ముందుంచి, వారి ప్రశ్నలకు జవాబు చెప్పుకునే సభే వార్షిక వైజ్ఞానిక సదస్సు. మన దేశంలో అసోసియేషన్ ఆఫ్ కోలన్ అండ్ రెక్టల్ సర్జన్స్ ఆఫ్ ఇండియా ఇలాంటి సదస్సును జరుపుతుండగా, అమెరికాలో 1899లో కొలంబస్ నగరంలో ఏర్పడిన సంఘం నేటికీ ఆ ఆనవాయితీని కొనసాగిస్తోంది.

ఈ లెక్క ఎంత అవసరమో మలాశయ క్యాన్సర్ చరిత్ర చెబుతుంది. 1908లో ఎర్నెస్ట్ మైల్స్ వివరించిన పద్ధతిలో మలాశయంతోపాటు మలద్వారాన్నీ తొలగించి, మలం బయటకు రావడానికి పొట్టమీద శాశ్వతంగా దారి పెట్టేవారు. అంత చేసినా చాలామందిలో వ్యాధి అక్కడే తిరగబెట్టేది. మలాశయాన్ని చుట్టి ఉండే కొవ్వు పొరలో, అంటే మెసోరెక్టంలో, మిగిలిపోయిన క్యాన్సర్ కణాలే ఇందుకు కారణం కావచ్చని ఇంగ్లండులోని బేసింగ్‌స్టోక్‌కు చెందిన బిల్ హీల్డ్ 1982లో ప్రతిపాదించి, ఆ పొరను చిరగకుండా మొత్తంగా తీసే విధానాన్ని ముందుకు తెచ్చారు. ఆ విధంగా ఆపరేషన్ జరిగిన 115 మందిలో అయిదేళ్లలో వ్యాధి అదే చోట తిరగబెట్టింది 3.7 శాతమేనని 1986లో వెల్లడైనప్పుడు మొదట సందేహించినవారు సైతం, ఆయన ఇతర దేశాల వైద్యుల ఎదుట ఆపరేషన్లు చేసి చూపించాక, ఆ పద్ధతిని నేర్చుకున్నారు.

కత్తి అవసరం లేదని తేల్చిన సందర్భాలూ ఉన్నాయి. మలద్వార క్యాన్సర్‌కు ముందుగా కీమోథెరపీ, రేడియేషన్ ఇస్తే ఆపరేషన్ నాటికి కణితి కనిపించడం లేదని డెట్రాయిట్ వైద్యుడు నార్మన్ నిగ్రో 1974లో ప్రకటించగా, అదే క్రమంగా ప్రధాన చికిత్సగా స్థిరపడింది. మలద్వారం పక్కన చీము దారి ఏర్పడే భగందరానికి ఆయుర్వేదంలో వాడే క్షారసూత్రాన్ని, అంటే మందు పట్టించిన దారాన్ని, ఆపరేషన్‌తో పోల్చి భారత వైద్య పరిశోధన మండలి 1991లో ప్రచురించిన అధ్యయనంలో, మానడానికి ఎక్కువ వారాలు పట్టినా, వ్యాధి తిరగబెట్టడం 11 శాతానికి బదులు 4 శాతంగా తేలింది.

ఈ జ్ఞానం హైదరాబాదుకు సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న జహీరాబాద్ వంటి పట్టణానికి చేరాలంటే మొదటి అడ్డంకి సిగ్గు. మలంలో రక్తం పడితే మొలలేనని సరిపెట్టుకుని నెలలు గడిపేవారికి, వైద్యుడు తొడుగు వేసుకుని వేలితో చేసే రెండు నిమిషాల పరీక్షలోనే మలాశయం దిగువన ఉన్న కణితి తగలవచ్చునని, అవసరమైతే కొలనోస్కోపీతో, అంటే కెమెరా గల గొట్టంతో పేగు లోపలంతా చూడవచ్చునని ఎవరో ఒకరు చెప్పాలి. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు కాపాడిన జొన్న, కొర్ర, సామల్లోని పీచు పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ల ముప్పును తగ్గించేదే అయినా, రక్తం కనిపించినప్పుడు ఆహారం పరీక్షకు ప్రత్యామ్నాయం కాదు.

ఆ మహిళలు ఏటా పాత పంటల జాతరను ఎడ్లబండ్లపై ఊరూరికీ తీసుకువెళ్లినట్లే, శస్త్రవైద్యుల సదస్సు కూడా నగరంలోని సభామందిరం దాటి ఏరియా ఆసుపత్రి వైద్యులకు, నర్సులకు, ఆశా కార్యకర్తలకు శిక్షణగా చేరాలి. సదస్సులో ఎన్ని పత్రాలు చదివారన్నదానికంటే, జిల్లాల్లో ఎంతమందిలో వ్యాధిని తొలిదశలోనే గుర్తించారన్నదే ఏటేటా దానికి అసలైన కొలమానం కావాలి.