పూర్వ ప్రాథమిక దశలో గణిత భావనలు: ఇంటి పనుల ద్వారా బోధన

పరిచయం

నాలుగేళ్ల పాప ఒకటి నుండి యాభై వరకు తడుముకోకుండా చెబుతుంది. అదే పాపను "ఐదు చింతపిక్కలు ఇవ్వమ్మా" అని అడిగితే గుప్పెడు తీసి ఇస్తుంది. ఇటువంటి సందర్భాలను మీరూ గమనించి ఉంటారు. సంఖ్యల పేర్లు అప్పజెప్పడం వేరు, లెక్కించడం వేరు. ఈ తేడాను పట్టించుకోకుండా అంకెలు దిద్దించడానికే పరిమితమైతే, కూడికలు మొదలయ్యేసరికి పిల్లలు తడబడతారు. లెక్కలంటే భయం చాలామందిలో అక్కడే నాటుకుంటుంది. ఈ భయం కలగకుండా ఇంట్లోనే ఏమి చేయవచ్చో ఈ భాగంలో తెలుసుకుందాం.

లెక్కించడంలో ఇమిడి ఉన్న సూత్రాలు

రోషెల్ గెల్మన్, గాలిస్టెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1978లో ప్రచురించిన గ్రంథంలో లెక్కింపునకు ఐదు సూత్రాలను పేర్కొన్నారు.

1. ఒక్కో వస్తువుకు ఒక్కో సంఖ్యనే చెప్పాలి.
2. సంఖ్యల వరుస ఎప్పుడూ మారకూడదు.
3. చివర చెప్పిన సంఖ్యే మొత్తాన్ని తెలుపుతుంది.
4. దేనినైనా ఇదే పద్ధతిలో లెక్కించవచ్చు.
5. ఎటునుండి లెక్కించినా మొత్తం మారదు.

వీటిలో మూడవది కీలకమైనది. లెక్కపెట్టడం పూర్తయ్యాక "మొత్తం ఎన్ని?" అని అడిగితే ప్రతిసారీ మళ్లీ ఒకటి నుండి మొదలుపెట్టే బిడ్డకు ఈ సూత్రం ఇంకా పట్టుబడలేదని గ్రహించాలి.

ఇంటి పనులు - గణిత భావనలు

కంచాలు పెట్టడం: "మనం ఎంతమందిమి? ఎన్ని కంచాలు కావాలి?" అని అడగండి. ఒక్కొక్కరి ముందు ఒక్కో కంచం పెట్టడంలో మొదటి సూత్రం అభ్యాసమవుతుంది. తెలుగులో మనుషులను ఒకరు, ఇద్దరు, ముగ్గురు అనీ, వస్తువులను ఒకటి, రెండు, మూడు అనీ లెక్కిస్తాం. కాబట్టి "నలుగురికి నాలుగు కంచాలు" అని కలిపి పలకండి. రెండు మాటలూ ఒకే సంఖ్యను తెలుపుతాయని బిడ్డకు అర్థమవుతుంది.

బట్టలు మడవడం: నాన్నవి, అమ్మవి, పాపవి అని వేరుచేయడం వర్గీకరణ. పెద్దవాటి నుండి చిన్నవాటికి పేర్చడం క్రమంలో అమర్చడం.

పూలు గుచ్చడం: బంతి, చామంతి, బంతి, చామంతి అని గుచ్చుతూ "తరువాత ఏది?" అని అడిగితే అమరికను గుర్తించే శక్తి పెరుగుతుంది.

అష్టాచెమ్మా: గవ్వలు వేసి, పడిన పందెం ప్రకారం గడి గడికీ కాయ జరపడంలో సంఖ్యకూ అడుగుకూ జత కుదురుతుంది.

నీళ్లు పోయడం: ఒకేరకం గ్లాసులు రెండింటిలో సమానంగా నీళ్లు పోసి, ఒకదానిలోని నీటిని సన్నని పొడవాటి గ్లాసులోకి మార్చండి. "ఇందులోనే ఎక్కువ ఉన్నాయి" అని చాలామంది పిల్లలు అంటారు. ఇది వయసుకు సహజమైన ఆలోచన అని జీన్ పియాజే వివరించాడు. "తప్పు" అనకండి. నీటిని తిరిగి మొదటి గ్లాసులో పోసి చూపించి, ఏమైందో బిడ్డనే చెప్పనివ్వండి.

జాగ్రత్త: మూడేళ్లలోపు పిల్లలకు గింజలు, గవ్వలు ఇవ్వరాదు. నోట్లోనో ముక్కులోనో పెట్టుకునే ప్రమాదం ఉంది. చెంచాలు, బంగాళాదుంపల వంటివి వాడండి.

పెద్దల పాత్ర

"నాకే చదువు రాదు, పిల్లకేం నేర్పుతాను?" అనే తల్లులు మీకు అంగన్‌వాడీలో తారసపడతారు. ఎసట్లో ఎన్ని గ్లాసుల బియ్యానికి ఎన్ని గ్లాసుల నీళ్లో ఆమె రోజూ లెక్క చూస్తూనే ఉంది. ఆ లెక్కను బిడ్డకు వినబడేలా పైకి చెబితే అదే పాఠం. ఈ సంగతి ఆమెకు తెలియజేయడం మీ బాధ్యత. జవాబు తప్పయినా, ఒప్పయినా "ఎలా తెలిసింది?" అని అడగమని కూడా చెప్పండి. బిడ్డ ఆలోచన ఎక్కడ ఆగిందో ఆ ప్రశ్నతో బయటపడుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. సంఖ్యలు అప్పజెప్పడానికీ లెక్కించడానికీ గల తేడాను ఉదాహరణతో వివరించండి.
2. మీ ఇంట్లో జరిగే ఒక పనిని ఎన్నుకుని, అందులోని గణిత భావనలను గుర్తించండి.