తోలుపై చందమామ: తొలి పాఠం

కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాల తెలుగువారిలో తోలుబొమ్మల చిత్రకళ నేర్వదలచిన వారికి చందమామ అనువైన తొలి పాఠం.

ఇందుకు చెప్పుల తోలు పనికిరాదు. రోమాలు తొలగించి ఆరబెట్టిన పలుచని మేకతోలు కావాలి. దాని గుండా వెలుగు ప్రసరిస్తుంది. గిన్నె బోర్లించి వలయం గీయాలి. చంద్రునికి తెల్లరంగు పూయరాదు. చిక్కని రంగు వెలుగును అడ్డగించి, దీపం ముందు చంద్రుణ్ణి నల్లబరుస్తుంది. వలయాన్ని విడిచి, చుట్టూ ఆకాశానికే నలుపు వేయాలి. ఆరిన పిమ్మట పొడిచిన చిన్న రంధ్రాలే నక్షత్రాలవుతాయి. తోలు పీల్చుకున్న రంగును తుడిచివేయడం కష్టం. కనుక ముందుగా అంచున పరీక్షించాలి.

ఈ విద్యకు పేరొందిన ఊరు శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంట. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది. ఆటలకు ఆదరణ తగ్గినా, అక్కడి కుటుంబాలు తోలు దీపాలతో కళను నిలుపుకొన్నాయి. నేర్చేవారుంటేనే అది రేపటికి మిగులుతుంది.