మబ్బు చాటున మన పొలం

దూరపు కొండలు నీలంగా కనపడతాయి. ఎందుకు? కొండ రంగు నీలం కాదు. కొండకూ మన కంటికీ మధ్య గాలి ఉంది. గాలి ఎండలోని నీలం వెలుగును ఎక్కువగా చెదరగొడుతుంది. ఆ వెలుగే మన కంట పడుతుంది.

పైనుంచి మన పొలాలను ఫొటో తీసే ఉపగ్రహానికీ ఇదే చిక్కు. 2011లో మన దేశం పంపిన రిసోర్స్‌శాట్-2 కు నిర్ణయించిన ఎత్తు 817 కిలోమీటర్లు. గాలిలో దుమ్ము, తేమ ఉంటే పచ్చని పైరు కూడా ఫొటోలో వెలిసినట్టు కనపడుతుంది.

మరి ఏం చేస్తారు? నూనె తూచేటప్పుడు గిన్నె బరువు తీసేస్తాం కదా! అలాగే గాలి కలిపిన వెలుగెంతో లెక్క కట్టి తీసేస్తారు. గాలి మింగిన వెలుగును కలుపుతారు. అప్పుడు పైరు అసలు రంగు తెలుస్తుంది.

దట్టమైన మబ్బు పడితే ఈ లెక్క పనిచేయదు. తుపానులో ఇదే కష్టం. అప్పుడు రాడార్ ఉపగ్రహం కావాలి. 2022లో శ్రీహరికోట నుంచి పంపిన ఇఓఎస్-04 అలాంటిదే. దాని తరంగాలు మబ్బులోంచి దూరిపోతాయి. రాత్రిపూట కూడా పనిచేస్తాయి. నిలిచిన నీరు వాటిని అద్దంలా పక్కకు తిప్పేస్తుంది. అందుకే మునిగిన చేను నల్లగా కనపడుతుంది.

అక్కలారా! పంట నష్టం రాసేటప్పుడు ఉపగ్రహం ఫొటో చూపిస్తే, ఇలా అడగండి. "ఇది ఏ రోజు తీశారు? ఆ రోజు మబ్బు ఉందా?"