బొమ్మల కొలువులో రైలుబండి

సంక్రాంతి పండుగకు బొమ్మల కొలువు తీర్చు ఇండ్లలో పై మెట్లమీద దేవతామూర్తులును, నడిమి మెట్లమీద కొండపల్లి అంబారీలును, నిర్మల బొమ్మలును కొలువుదీరి యుండగా, క్రింద నేలమీద పిల్లలు తమ చేతులతో ఒక చిన్న ఊరు కట్టుట మనకు వాడుక. ఆవాలు చల్లి మొలిపించిన పచ్చిక, అద్దపుముక్కతో చెరువు, అగ్గిపెట్టెలతో అంగడివీథి, వీని నడుమ సంతలో కొన్న రైలుబండి. తాళము త్రిప్పినంతసేపు అది గుండ్రముగా తిరుగును. మొదటినాడు పిల్లలు కేరింతలు కొట్టుదురు; మూడవనాటికి దానివంక చూడరు.

ఇందుకు కారణము పిల్లల చంచలత్వమని మనము సరిపెట్టుకొందుము. కాని తప్పు వారిది కాదు. మన కొలువులో రైలుబండి యున్నదే గాని, దానిని నడిపించు మనుష్యులు లేరు. దీపము చూపువాడు, గేటు వేయువాడు, పట్టాలను తట్టి చూచువాడు, బిడ్డ నెత్తుకొని బండికై ఎదురుచూచు తల్లి, వీరెవ్వరును లేని రైలులో పిల్లవానికి కథ ఎక్కడ దొరకును? ఆ కథలకై మనము దూరదేశములకు పోనక్కరలేదు. హైదరాబాదు పాతబస్తీ నానుకొని పోవు రైలుదారిలోనే కావలసినన్ని వింతలు కలవు.

మూసీనది దక్షిణపు గట్టున నున్న సాలార్‌జంగ్ మ్యూజియములో బాలల విభాగమొకటి కలదు. పండుగ సెలవులలో పిల్లలను వెంటబెట్టుకొని పోయి, సీసపు సిపాయిల దండులను, ఆటబొమ్మలను చూపి రండు. ఈ సంస్థానమునకు రైలు వచ్చినది మొదటి సాలార్‌జంగు దివానుగా నున్న కాలముననే. 1874 లో వాడి నుండి సికింద్రాబాదు వరకు మొదటి దారి పడినది. తరువాత చాందా రైలుదారి వ్యవహారము ప్రజలలో పెద్ద అలజడి రేపెను. అందులో పాల్గొన్నందుకే సరోజినీదేవి తండ్రియగు అఘోరనాథ చట్టోపాధ్యాయుడు 1883 లో నగరమునుండి వెడలగొట్టబడెను. అప్పటికి సరోజిని నాలుగేండ్ల పసిపాప. రైలుదారి యనగా ఇనుపకమ్ములు మాత్రమే కాదనియు, సంసారములను కదలించు శక్తి యనియు దీనివలన తెలియును.

కొలత సంగతి

బొమ్మలన్నియు ఒకే కొలతలో నున్నప్పుడే చూడ ముచ్చటగా నుండును. ఇంట సులభమైన లెక్క యిది: నిజమైన అడుగునకు అంగుళములో ఎనిమిదవవంతు. అప్పుడు అయిదడుగుల స్త్రీ అయిదు ఎనిమిదవవంతుల అంగుళ మెత్తుండును. ఇంచుమించు ఒక చింతగింజ. మన పెద్దదారి పట్టాల నడుమ ఎడము అయిదడుగుల ఆరంగుళములు గనుక, అది మూడు పాతికల అంగుళమునకు కొంచెము తక్కువగును. డెబ్బదియడుగుల పెట్టె తొమ్మిదంగుళములకు కొంచెము తగ్గును. మనుష్యులను పొనికి చెక్కతో గాని, తడి కాగితపు గుజ్జుతో గాని చేసి, గుడ్డపీలికలు చుట్టవచ్చును.

పరదాచాటు స్టేషను

మొదటి దృశ్యమునకు కాచిగూడ స్టేషను తగును. ఉస్మాన్ అలీఖాన్ నిజాము పాలనలో 1916 లో కట్టబడి, నిజాము రైల్వేకు ప్రధానస్థానమై యుండినది. నడుమ గుమ్మటము, ప్రక్కల చిన్న గుమ్మటములు, మీనారులు గల ఆ కట్టడమును అట్టముక్కలతోను, కోడిగ్రుడ్డు పెంకులతోను చక్కగా తీర్చవచ్చును.

అందలి విశేష మేమనగా, కట్టడపు ఎడమప్రక్క భాగము ఘోషా స్త్రీలకై కేటాయింపబడి యుండెను. బండి దిగిన స్త్రీలు పరాయివారి కంటబడక అటు చేరి, తమ బండ్లు వచ్చువరకు అచ్చటనే వేచియుండెడివారు. కొలువులో దీనికి రెండు అగ్గిపుల్లలమీద పాత చీర అంచుముక్క వ్రేలాడదీసిన చాలును. ఆ తెరవెనుక నాలుగు ముసుగుబొమ్మలు, ఒక ట్రంకుపెట్టె, ఒక నీళ్లకూజా. తెర యివతల అటునిటు చూచు ఒక ముసలి నౌకరు.

పిల్లలు "ఆ తెర యెందుకమ్మా?" అని తప్పక అడుగుదురు. ఒకప్పుడు తెరచాటున నిలిచి, ఎవరో వచ్చి పిలుచువరకు కదలలేని స్త్రీల కథ చెప్పి, వెంటనే ప్రక్కమెట్టుమీద బేగంపేట స్టేషను కట్టి చూపుడు. 2017 లో బొంబాయి నగరమందలి మాటుంగా స్టేషనును పూర్తిగా స్త్రీలే నడుపునట్లు ఏర్పాటు చేసిరి. మరుసటి యేడు మన బేగంపేటలోను అట్లే చేసిరి. స్టేషను మాస్టరు బల్లవద్ద చీర కట్టిన బొమ్మ, టిక్కెట్టు కిటికీలో చీర కట్టిన బొమ్మ. తెరనుండి బల్లవరకు రెండంగుళముల దూరమే. దానిని నడుచుటకు మనకు నూరేండ్లు పట్టినది.

వెదురుచక్రము

ఒకే దారిమీద రెండు బండ్లు ఎదురెదురుగా వచ్చిన నేమగును? ఈ భయమును తీర్చుటకు కనుగొన్న ఉపాయము చూడ ఎంత సరళమో, అంత వింతైనది. రెండు స్టేషన్ల నడుమ ఒంటిదారి యున్నచోట, రెండింటను ఒకదానితో నొకటి తీగెద్వారా ముడిపడిన యంత్రములుండును. వానిలో ఇనుప గుండ్లు కలవు. ఆవలి స్టేషను వారు సమ్మతించి మీట నొక్కిననే గాని ఇవతలి యంత్రము గుండును విడువదు. ఒక గుండు బయట నుండగా రెండవది రానే రాదు. ఆ గుండు చేతబడనిదే డ్రైవరు ఆ దారిలో అడుగుపెట్టరాదు.

ఆ గుండును తోలుసంచిలో వేసి, పెద్ద వెదురుచక్రమునకు కట్టి, ఆగని బండి వచ్చునప్పుడు దారిప్రక్కన ఒక మనిషి దానిని పైకెత్తి పట్టుకొని నిలుచును. ఇంజనులోని వాడు చేయి చాచి చక్రమును భుజమునకు తగిలించుకొని, పాత చక్రమును క్రింద విసరివేయును. కరెంటు సిగ్నళ్లు వచ్చిన దారులలో ఈ పద్ధతి తొలగినది. కాని కొలువునకు ఇంతకంటె అందమైన దృశ్యము లేదు. చీపురుపుల్లను వంచి చక్రము చేయుడు. ఒక మిరియపుగింజను గుడ్డలో మూటగట్టి దానికి వ్రేలాడదీయుడు. ఇల్లాలి కొంగుముడిలోని తాళపుచెవి వలె, ఆ గింజ యెవరిచేత నున్నదో వారిదే దారి.

స్టేషనులో గంటకు బదులు విరిగిన పట్టాముక్క నొకటి వ్రేలాడదీసి, ఇనుపకడ్డీతో కొట్టుట చిన్న ఊళ్లలో ఎల్లరు నెరిగినదే. గుండుసూది నొకదానిని దారముతో వ్రేలాడదీసిన ఆ గంటయు సిద్ధము.

పరుగెత్తు ట్రాలీ

పట్టాలమీద నాలుగు చక్రముల బల్ల, దానిపై గొడుగుక్రింద కూర్చున్న ఇంజనీరు, ఎఱ్ఱజెండా. వెనుకనుండి దానిని త్రోయుచు పట్టాలమీదనే పరుగెత్తు ట్రాలీమనుష్యులు. మూడంగుళముల వెడల్పైనను లేని ఇనుపకమ్మిమీద కాలు జారక పరుగెత్తుట గారడివాని విద్యకు తీసిపోదు. బండి వచ్చునని తెలియగానే అందరును చేరి ట్రాలీని ఎత్తి దారిప్రక్కన పెట్టుదురు. కొలువులో ఒక ట్రాలీ ప్రక్కన ఎత్తి పెట్టబడియుండగా బండి పోవుచున్నట్లు చూపిన, బొమ్మలు కదలకున్నను కదలినట్లే తోచును.

రైలువారి బస్సు

మరియొక విశేషము. ఈ నగరమున సర్కారు బస్సులను మొదట నడిపినది రైలుశాఖయే. 1932 జూనులో నిజాము రైల్వే 27 బస్సులతోను, 166 మంది సిబ్బందితోను తన రోడ్డుశాఖను తెరచెను. తరువాతి రవాణాసంస్థకు అదియే మూలము. నిజాము తల్లియగు జహ్రాబేగము పేర బస్సుల సంఖ్యలో ఆంగ్లాక్షరమాల కడపటి అక్షరము చేర్చిరని నగరవాసులు చెప్పుకొందురు. స్టేషను వాకిట ఒక బస్సు, దానిప్రక్కన ఝట్కా నిలిపినచో ఆ కాలము కన్నులకు కట్టును.

రాత్రి లాంతరు

ఇంతవరకు వేడుక. ఇక చెప్పబోవునది లేకున్న కొలువు సంపూర్ణము కాదు.

ప్రతిదినమును తెల్లవారగనే కీమాన్ అనువాడు సుత్తె భుజమున వేసికొని తనకేర్పడిన దారి పొడుగునను నడచి, పట్టాలను బిగించు చీలలు వదులైనవేమోయని చూచును. అతని సంచిలో జెండాలతో పాటు టపాకాయలు కూడ నుండును. దారి చెడినట్లు కనబడినచో అతడు బండి వచ్చు దిక్కునకు పరుగెత్తి, పెద్దదారియైన 600 మీటర్ల దూరమున ఒక టపాకాయను, 1200 మీటర్ల దూరమున మూడింటిని పట్టాలమీద అమర్చవలెను. చక్రము క్రింద అవి ప్రేలగానే డ్రైవరు ఆపదను గ్రహించును. మన కొలువు కొలతలో 1200 మీటర్లనగా నలువదియడుగులు! టపాకాయలు పెట్టు బొమ్మ కొలువుగదిలో పట్టదు. వాకిలి దాటి వీథిలో నుండవలెను. పిల్లలను అంతదూరము నడిపించి చూపుడు. బండి యనునది పిలిచిన వెంటనే ఆగునది కాదని వారికి జన్మలో మరపురాదు. పట్టాలు దాటునప్పటి తొందర దానితో అణగును.

వానకాలపు రాత్రులలో లాంతరు పట్టుకొని గస్తీ తిరుగువారు వేరుగా నుందురు. వంతెనలక్రింద నీరెంత పెరిగినదో చూచి, ఎదురువచ్చు గస్తీవానిని కలిసికొని మరలుదురు. వీరి అవసరమెట్టిదో మన తెలుగునేల రెండుమారులు కన్నీటితో నేర్చుకొన్నది. కాచిగూడనుండి పాతబస్తీ ప్రక్కగా యాకుత్‌పురా, ఫలక్‌నుమా మీదుగా పోవు ఈ దారిలోనే, 1956 సెప్టెంబరు 2 న జడ్చర్ల మహబూబునగరముల నడుమ వంతెన కూలి నూరుమందికి పైగా మరణించిరి. ఆనాటి రైల్వేమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి పదవి విడుతునన్నను అంగీకరింపబడలేదు. నవంబరులో అరియలూరులో మరల అట్టి ఘోరమే జరుగగా ఆయన పదవిని విడిచెను. 2005 అక్టోబరు 29 న వలిగొండవద్ద చెరువుగట్టు తెగి, ఆ నీటి ఒరవడికి చిన్న వంతెన కొట్టుకొనిపోగా, మరల నూరుమందికి మించి బలియైరి. పొంగిన వాగు చీకటిలో చప్పుడు చేయక వచ్చును. ఆ లాంతరే దానికి కన్ను.

గేటు సంగతియు చెప్పవలెను. 2014 జూలై 24 న మెదకు జిల్లా మాసాయిపేటలో కాపలాలేని గేటువద్ద బడిపిల్లల బస్సును రైలు ఢీకొని పదిమందికి పైగా పసివారు చనిపోయిరి. ఉదయమున కట్టి యిచ్చిన అన్నపుడబ్బాలు తల్లులకు పట్టాల ప్రక్కన కానవచ్చిన దినమది. 2019 నాటికి దేశమున పెద్దదారిమీద కాపలాలేని గేట్లన్నియు తొలగింపబడినవి. కావున మన కొలువులో గేటు పెట్టిన, గేటుమనిషినికూడ పెట్టితీరవలెను. ఆ మనిషి స్త్రీబొమ్మయైనను తప్పులేదు. ఉద్యోగములో నుండగా భర్త మరణించినచో భార్యకు కొలువిచ్చు నియమము రైలుశాఖయందు కలదు. అట్లు వచ్చిన స్త్రీలు కొందరు గేట్లవద్దను, గాంగులలోను పనిచేయుచున్నారు. నిన్నటివరకు గరిటె పట్టిన చేతితో గునపము పట్టి, బిడ్డలను బడికి పంపుకొను ఆ సోదరికి మన కొలువులో ఒక మూల చోటిచ్చుట న్యాయము గదా!

ముగింపు

ఇవన్నియు ఒక్కయేట చేయనక్కరలేదు. ఈ సంక్రాంతికి పరదాచాటు స్టేషను, వచ్చు సంక్రాంతికి వెదురుచక్రము, ఆపై ట్రాలీ. ఏటేట ఒక్క దృశ్యము చేర్చినచో, పిల్లలతో పాటు కొలువును పెరుగును. ఖర్చు స్వల్పము: అట్టలు, అగ్గిపుల్లలు, పీలికలు, కొంచెము జిగురు. ఆడపిల్లలచేత ఇంజనును, మగపిల్లలచేత పరదాను చేయింపుడు.

పేరంటాండ్రు వచ్చిన సాయంకాలము దీపములు తగ్గించి, కొలువు మూలనున్న గస్తీబొమ్మ చేతిలోని చిన్న దీపమును మాత్రము వెలిగింపుడు. "ఇతడెవరు?" అని ఎవరైనను అడిగినప్పుడు పిల్లవానినే చెప్పనిండు. "మనము బండిలో నిద్రించునప్పుడు మేలుకొని యుండువాడు" అని వాడు చెప్పగలిగిన నాడు, మన బొమ్మరైలు నిజముగా నడచినట్లే. హారతి పళ్లెమును ఆ బొమ్మ ముందర కూడ ఒకసారి త్రిప్పుడు.