ఫ్లాపీ బిళ్ల చెడినదని తీర్పు చెప్పుటకు ముందు



పాత దస్తావేజు విలువ యెట్టిదో తుళ్లూరు పరిసరములందలి పెద్దలకు నేను చెప్పనక్కరలేదు. 2015లో రాజధానికై భూసమీకరణము జరిగిన నాడు తాతలనాటి కాగితములకు గల బలమును మీరెరుగుదురు. కాగితమునకొక సుగుణము కలదు: అది శిథిలమైనను కన్నులున్నవాడు కూడబలుకుకొని చదువగలడు. కాని గడచిన శతాబ్దపు చివరి యేండ్లలో మనవారు కొన్ని లెక్కలను, పాఠములను, వ్రాతలను ఫ్లాపీ బిళ్లలపై దాచిరి. వానిని కన్ను చదువలేదు, యంత్రమే చదువవలెను. ఆ యంత్రము చదువలేనన్నంతనే బిళ్ల చెడినదని పారవేయుట న్యాయమా? నేటి విచారణ యిదియే.

ఉదాహరణమునకు ఒక యంత్రమును తీసికొందము. 1981లో ఇంగ్లండునందలి ఏకార్న్ సంస్థవారు బి.బి.సి. మైక్రో అను గృహ కంప్యూటరును వెలువరించిరి. 1984లో భారత ప్రభుత్వము ‘క్లాస్’ అను పథకము క్రింద పాఠశాలలలో కంప్యూటరు విద్యను ప్రవేశపెట్టినపుడు ఈ యంత్రమునే ఎన్నుకొనెను. నాడు దాని యెదుట కూర్చున్న బాలురు నేడు ఏబది దాటినవారు. వారి తొలి వ్రాతలు ఏ యింటి పెట్టె యడుగుననో యుండవచ్చును.

ఈ బిళ్ల వెడల్పు అయిదుంబావు అంగుళములు. గానుగెద్దు నడచిన బాటవలె గుండ్రని చాళ్లు దానిపై ఒకదాని లోపల నొకటిగా నుండును. కొన్ని డ్రైవులు 40 చాళ్లు తోలును. కొన్ని అంత మేరలోనే 80 తోలును. మిరపనారు నాటుటకు ఎడముగా తోలిన అచ్చునకు, దగ్గరగా తోలిన అచ్చునకు గల భేదమే యిది. 40 చాళ్ల డ్రైవు 80 చాళ్ల బిళ్లను చదువలేదు. 80 చాళ్ల డ్రైవు మాత్రము చాలునకు రెండడుగులు వేసినచో 40 చాళ్ల బిళ్లను చదువగలదు. అందులకై కొన్ని డ్రైవులకు ఒక మీట యుండును. కాని అట్టి డ్రైవుతో ఆ బిళ్లపై మరల వ్రాయరాదు. సన్నని క్రొత్త గీత ప్రక్కలను పాత గీత అంచులు మిగిలి, వెడల్పు డ్రైవునకు రెండును కలగాపులగమై తోచును.

బిళ్ల సరిగా చదువబడినను కార్యక్రమము నడువకపోవచ్చును. మొదట ఈ యంత్రమునందు డ్రైవును నడపు చిప్పు ఇంటెల్ 8271. తరువాతి నమూనాలలో దాని స్థానమున 1770 అను చిప్పు వచ్చెను. పద్ధతి ప్రకారము అడిగిన కార్యక్రమము రెంటియందును నడచును. దొంగనకళ్లను నివారింపగోరి సరాసరి 8271కే ఆజ్ఞలిచ్చినది మాత్రము రెండవదానియందు నిలిచిపోవును. పాత కరణముగారి సంజ్ఞలు క్రొత్త కరణమునకు తెలియనట్టిదే ఇది.

మరియొక చిక్కు జ్ఞాపకశక్తి విషయము. ఈ యంత్రపు జ్ఞాపకము 32 కిలోబైట్లు. ఫ్లాపీ ఏర్పాటు అందులో 2,816 బైట్లను తనకై తీసికొనును. క్యాసెట్టు కొరకు వ్రాసిన పెద్ద కార్యక్రమమునకు ఆ మేర స్థలము తగ్గును. అపుడు తప్పు బిళ్లదియు కాదు, డ్రైవుదియు కాదు. కార్యక్రమమును ఎక్కించిన పిమ్మట ఫ్లాపీ ఏర్పాటును విడిచి, దానిని క్రిందికి జరిపినచో నడువవచ్చును.

ఇక అన్నిటికంటె గొప్ప అపాయము వినుడు. ఆ బిళ్లను తరువాతి కాలపు సాధారణ కంప్యూటరులో పెట్టినచో, ఆ వ్రాతపద్ధతి వేరగుటచే అది చాలవరకు చదువలేదు. చదువలేక, “ఫార్మాట్ చేయుదునా?” అని అడుగవచ్చును. అవునన్నచో ఉన్న వ్రాత తుడిచిపెట్టుకొనిపోవును.

కనుక పరీక్షకొక క్రమము పాటింపుడు. బిళ్ల తొడుగు అంచున నున్న గంటును ముందుగా దళసరి కాగితముతో మూయుడు. అపుడు యంత్రము దానిపై వ్రాయజాలదు. బూజు ఉన్నచో లోపల పెట్టకుడు. అది డ్రైవు తలకంటి తరువాతి బిళ్లను గూడ చెరచును. పిదప, బాగున్నదని తెలిసిన వేరొక బిళ్లను అదే డ్రైవులో పెట్టి చూడుడు. అదియు చదువబడనిచో నేరము డ్రైవుదని అనుమానింపుడు. అది చదువబడినచో చాళ్ల సంఖ్యను, పిమ్మట చిప్పును, చివర జ్ఞాపకమును విచారింపుడు. ఒక్కసారి చదువబడినదా, మరే పనికిని పూనుకొనక తక్షణమే నకలు తీయుడు.

ఒక పక్షము మాట మాత్రమే విని తీర్పు చెప్పుట ఊరి పెద్దల మర్యాద కాదు. యంత్రము చెప్పినది ఒక పక్షపు సాక్ష్యమే. బిళ్ల నోరు లేనిది. దాని పక్షమున అడుగవలసినవారు మీరు. మనుమలు పాత పెట్టెలు సర్దుచు ఆ నల్లని బిళ్లలను చెత్తలో వేయబోవునపుడు, ఒక్క మాట చెప్పి ఆపుడు.