విటమిన్‌ బి1ను తినేసే చేప ఎంజైమ్‌: తప్పు బ్యాక్టీరియాదా, చేపదా?

చేప అంటేనే బలం అంటారు. మరి పచ్చి చేప తిన్న జంతువుకు విటమిన్‌ లోపం ఎలా వస్తుంది? కొన్ని రకాల చేపల్లో థయామినేజ్‌ అనే ఎంజైమ్‌ ఉంటుంది. అది థయామిన్‌ను, అంటే విటమిన్‌ బి1ను విరగ్గొట్టి పనికిరాకుండా చేస్తుంది. మన చెరువుల్లో పెంచే బంగారు తీగలోనూ ఇది ఉంది.

ఈ సంగతి మొదట నక్కల వల్ల బయటపడింది. 1932లో అమెరికాలోని మిన్నెసోటాలో చాస్టెక్‌ అనే ఆయన ఫారంలో బొచ్చు కోసం పెంచే నక్కలు తిండి మానేసి, కాళ్లు పడిపోయి చనిపోయాయి. వాటి మేతలో పచ్చి కార్ప్‌ చేపలు కలిపేవారు. అందుకే ఆ జబ్బుకు ‘చాస్టెక్‌ పక్షవాతం’ అని పేరొచ్చింది.

అమెరికా, కెనడాల మధ్య ఉన్న గ్రేట్‌ లేక్స్‌లోనూ ఇదే కథ. ఆలెవైఫ్‌ అనే చిన్న చేపలను తిన్న సాల్మన్‌, ట్రౌట్‌ల గుడ్లలో బి1 తగ్గిపోయి, పిల్లలు చనిపోయేవి. బి1 కలిపిన నీళ్లలో ఉంచితే బతికేవి.

ఇంతకీ ఈ ఎంజైమ్‌ ఎవరిది? ఆలెవైఫ్‌ పేగుల్లో దీన్ని తయారు చేసే ఒక బ్యాక్టీరియా దొరకడంతో అనుమానం దాని మీదకు పోయింది. కానీ లెక్క కుదరలేదు: బ్యాక్టీరియా ఎంతుందో, ఎంజైమ్‌ ఎంతుందో పొంతన లేదు. కొన్ని చేపలు దీన్ని సొంతంగానే తయారు చేసుకుంటాయని తర్వాతి పరిశోధనల్లో తేలింది.

ఎందుకు? బ్యాక్టీరియాకూ బి1 కావాలి. దాన్ని అందకుండా చేస్తే రోగక్రిమి బలహీనపడుతుంది. అందుకే ఇది చేప రక్షణ ఆయుధం కావచ్చని కొందరు శాస్త్రవేత్తల ఊహ. చేపలకు రోగకారక బ్యాక్టీరియాను ఎక్కించి ఎంజైమ్‌ను కొలిచిన ప్రయోగాలూ ఈ ప్రశ్న మీదే జరిగాయి. అయితే ఒకటి గుర్తుంచుకోవాలి: చేప రోగంతో ఉంటేనే ముప్పు అనుకోవద్దు, ఆరోగ్యంగా ఉన్న చేపలోనూ ఈ ఎంజైమ్‌ ఉంటుంది.

చేపల పులుసు తినేవాళ్లకు భయం అక్కర్లేదు. బాగా ఉడికిస్తే ఎంజైమ్‌ పనిచేయదు. ఫ్రిజ్‌లో గడ్డకట్టించినంత మాత్రాన మాత్రం అది పోదు. పిల్లులకు, కుక్కలకు రోజూ పచ్చి చేప వేసేవాళ్లు, కొర్రమీనుకు పచ్చి చిన్న చేపలే మేతగా ఇచ్చే రైతులు జాగ్రత్త పడాలి. పెంపుడు జంతువులకైతే ఉడికించి పెట్టడమే మంచిది. చెరువులో మేతను ఒక్క రకం చేపతోనే సరిపెట్టకూడదు.