మూడు కొలతల్లో మూల మలుపు

మా ఇల్లు డోర్నకల్‌లో. పోయిన వేసవి సెలవుల్లో మేడమెట్లకు రెయిలింగు పెట్టించే పని నా మీద పడింది. మా నాయనమ్మకు మోకాళ్లు సరిగ్గా లేవు. చెయ్యి ఎత్తకుండా కింది మెట్టు నుంచి పైదాకా పట్టుకొని ఎక్కగలగాలి. ఆమె అడిగింది ఇంతే. మెకానికల్ మూడో సంవత్సరం చదువుతున్నానన్న ధీమాతో, డ్రాయింగ్ నేనే గీస్తానన్నాను.

మెట్లు సగం ఎక్కాక ఎడమకు తిరుగుతాయి. జాగా తక్కువ కాబట్టి మూల దగ్గర చదును గచ్చు లేదు, మెట్లే తిరుగుతూ పైకి పోతాయి. టాప్ వ్యూలో చూస్తే నిఖార్సయిన 90 డిగ్రీల మూల. 100 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో ఫిల్లెట్ కొట్టి, ప్రింట్ తీసి వెల్డింగ్ షాపుకు తీసుకుపోయాను. షాపాయన అచ్చం అట్లనే పైపు వంచాడు. ఇంటికి తెచ్చి పెడితే ఒక కాలు కింది మెట్ల వాలుకు సరిగ్గా కూర్చుంది. రెండో కాలు చివర దాదాపు జానెడు పక్కకు పోయింది!

షాపాయన నవ్వి, "బాబూ, నీ కాగితంల మూల తొంభై ఉన్నది. ఈడ మెట్లు పైకి కూడా పోతున్నయ్ గదా, తొంభై ఎట్లయితది?" అన్నాడు. లెక్క వేయకుండానే ఆయనకు తెలిసిన సంగతి నాకు లెక్క వేస్తే గానీ తెలియలేదు. ఆ లెక్కే ఈ వ్యాసం.

అసలు కోణం ఎంత?

మూడు బిందువులు తీసుకుందాం, కొలతలన్నీ మిల్లీమీటర్లలో. ఎ (0, 0, 0), బి (400, 0, 300), సి (400, 400, 600). అంటే ప్రతి 400 నడకకు 300 ఎత్తు. ఎ నుంచి బి దూరం 500, బి నుంచి సి దూరం కూడా 500.

మొదటి గీత దిశ (0.8, 0, 0.6). రెండోదాని దిశ (0, 0.8, 0.6). ఈ రెండింటి డాట్ ప్రొడక్ట్ 0.6 × 0.6 = 0.36. కొసైన్ విలువ 0.36 అయ్యే కోణం 68.9 డిగ్రీలు. అంటే పైపు నిజంగా తిరగాల్సింది 69 డిగ్రీల లోపే. రెండు గీతలూ పైకి పోతున్నాయి కాబట్టి ఆ మేరకు వాటి దిశలు దగ్గరవుతాయి. పైనుంచి చూసినప్పుడు ఎత్తు కనబడదు కనుక కన్ను 90 అని మోసపోతుంది.

ఎక్కడ వంపు మొదలుపెట్టాలి?

ఇక్కడ మనకు కలిసొచ్చే విషయం ఒకటుంది. ఒక బిందువు దగ్గర కలిసే రెండు సరళరేఖలు ఎప్పుడూ ఒకే తలంలో ఉంటాయి. గీత మొత్తం ఎన్ని మెలికలు తిరిగినా, ఒక్కో మూలను విడిగా చూస్తే అది ఏటవాలుగా పట్టుకున్న కాగితం మీద గీసిన మామూలు మూలే. కాబట్టి పాత సూత్రమే పనిచేస్తుంది:

టాంజెంట్ పొడవు = వ్యాసార్ధం × టాన్ (మలుపు కోణంలో సగం)

మన ఉదాహరణలో 100 × టాన్ 34.45° = 68.6 మి.మీ. అంటే మూలకు ఇటు 68.6, అటు 68.6 దూరంలో వంపు మొదలై ముగుస్తుంది. వంపు పొడవు 120.3. రెండు కాళ్లూ కలిపి 1000 ఉన్న గీతకు, వంచాక కావాల్సిన పైపు 1000 − 137.2 + 120.3 = దాదాపు 983 మి.మీ.

ఈ సూత్రం మా ఊరి మీదుగా పోయే రైలుపట్టాలకు కూడా చుట్టమే. కాజీపేట–విజయవాడ మెయిన్ లైన్ నుంచి కొత్తగూడెం వైపు, అంటే భద్రాచలం రోడ్ స్టేషనుకు, డోర్నకల్ జంక్షన్ దగ్గరే పట్టా చీలుతుంది. పట్టా వంపు గుర్తుపెట్టే సర్వేయర్లు వాడేదీ ఇదే టాంజెంట్ పొడవు. కాకపోతే మన బ్రాడ్‌గేజ్‌లో వ్యాసార్ధం 175 మీటర్ల కంటే తగ్గకూడదు. పైగా రైల్వేవాళ్లు అడ్డం వంపును ప్లాన్‌లో, ఎత్తుపల్లాల వంపును ప్రొఫైల్‌లో విడివిడిగా లెక్క వేస్తారు. పట్టా వాలు చాలా స్వల్పం కాబట్టి అది నడుస్తుంది. మెట్ల రెయిలింగు వాలు దాదాపు 37 డిగ్రీలు. అక్కడ ఎత్తును పక్కన పెడితే నా పైపు గతే పడుతుంది.

ఆటోక్యాడ్‌లో ఎలా?

త్రీడీ పాలీలైన్ గీసి దాని మీద ఫిల్లెట్ కొడితే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. కారణం సింపుల్. త్రీడీ పాలీలైన్‌లో సరళరేఖ ముక్కలే ఉంటాయి, ఆర్క్‌కు చోటు లేదు. దారి ఇదీ:

1. ముందు గీతకు కాపీ తీసి పక్కన పెట్టుకోండి. తర్వాత ఎక్స్‌ప్లోడ్ చేస్తే విడి లైన్లు అవుతాయి.

2. ఫిల్లెట్ కమాండ్‌లో వ్యాసార్ధం ఇచ్చి, ఒక మూల దగ్గరి రెండు లైన్లను ఎంచుకోండి. అవి ఒకే తలంలో ఉన్నాయి కాబట్టి ఆర్క్ సరైన తలంలోనే పడుతుంది. ఇలా ఒక్కో మూలా చేసుకుంటూ పోవాలి.

3. అన్నింటినీ జాయిన్ చేయండి. ఆర్క్‌లు వేర్వేరు తలాల్లో ఉంటే ఫలితం పాలీలైన్ కాదు, స్ప్లైన్ అవుతుంది. కంగారు పడొద్దు.

4. ఆ దారి వెంట ఒక వృత్తాన్ని స్వీప్ చేస్తే పైపు తయారు.

రెండు జాగ్రత్తలు. ఒకటి, రెండు మూలల మధ్య ముక్క పొడవు ఆ రెండు మూలల టాంజెంట్ పొడవుల మొత్తానికి తగ్గకూడదు. తగ్గితే వ్యాసార్ధం ఎక్కువైందని ఫిల్లెట్ మొరాయిస్తుంది. రెండు, వంపు వ్యాసార్ధం పైపు బయటి వ్యాసార్ధం కంటే ఎక్కువ ఉండాలి. లేకపోతే పైపు లోపలివైపు తనలో తానే ఇరుక్కుంటుంది.

ఆర్క్ సరిగ్గా పడిందో లేదో టాప్ వ్యూలో చూడకండి, అక్కడ అది దీర్ఘవృత్తం ముక్కలా కనిపిస్తుంది. యూసీఎస్‌ను మూడు బిందువుల పద్ధతిలో ఆ మూల తలానికి తిప్పి, అప్పుడు కోణం కొలవండి.

రెండోసారి కాగితం మీద బొమ్మతో పాటు మూడే అంకెలు రాసి తీసుకుపోయాను: వంపు 69 డిగ్రీలు, వ్యాసార్ధం 100, మూలకు ఇటూ అటూ 68.6. పైపు కూర్చుంది. పాడైన మొదటి పైపు డబ్బులు నా జేబులోంచే పోయాయి, న్యాయమే.

ఆ సాయంత్రం నాయనమ్మ మెల్లగా ఎక్కింది. మూల దగ్గర చెయ్యి ఎత్తలేదు, జరుపుకుంటూ పోయింది. పైకి చేరాక, "మంచిగున్నదిరా" అంది. మీరూ రేపు ల్యాబ్‌లో త్రీడీ గీత గీసేటప్పుడు టాప్ వ్యూ చూసి కోణం రాసేయకండి. ఒక్క డాట్ ప్రొడక్ట్ వేసుకోండి, అర నిమిషం పని.